పసరు కంటే ముందే

“ముత్తక్కను ఇడిచిపెట్టమని చెప్పుర్రి మేడం. నా మొగుణ్ని సంపింది నేను.”

ఆ మాట వినగానే వనజ లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది. బయట ఎవరూ లేరని తెలుసు. అయినా పెట్టి, ఒకసారి లాగి చూసుకుని వచ్చి కూర్చుంది.

సారపాక పక్క తండాలో రేకుల ఇల్లు అది. మొన్న గురువారం తెల్లవారుజామున ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద సరళ భర్త వీరన్న ఊపిరాడక చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. అయిదేళ్ల కిందట హైదరాబాదులో గుండె ఆపరేషన్ చేసి లోపల ఒక లోహపు కవాటం అమర్చారు. పోయిన సోమవారం దుమ్ముగూడెం అవతలి అడవి పల్లెకు వెళ్లి, ముత్తక్క అనే ముసలామె దగ్గర కామెర్లకు పసరు తాగి వచ్చాడు. మూడు రోజులకే పోయాడు. పసరులో విషం ఉందని ఫిర్యాదు అందింది. సి.ఐ. బాలకృష్ణ నిన్న సాయంత్రమే ముత్తక్కను జీపెక్కించాడు. ఈ సాయంత్రం కోర్టుకు తీసుకుపోతాడు.

ముత్తక్క కూతురు జంపక్క నిన్న రాత్రే బస్సెక్కి ఖమ్మం వచ్చి, ఖానాపురం హవేలిలో వనజ ఇల్లు వెతుక్కుంది. పోలీసు శాఖలో ఏఎస్సైగా పనిచేసి రిటైరయ్యాక వనజ డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. జంపక్క గుమ్మంలోనే నిలబడి చెప్పింది. “మా అమ్మ జైలుకు పోతే తిరిగొచ్చేతందుకు గుడిసె ఉండదమ్మా. ఊర్ల అప్పుడే మంత్రగత్తె అంటుండ్రు. ఇయ్యాల గుడిసె కాలవెడ్తరు, రేపు మనిషిని.”

ఇప్పుడు ఈ సరళ ఏమో చంపింది నేనే అంటోంది.

“నెమ్మదిగా చెప్పమ్మా. ఏం చేసినవ్?”

“పసరు తాగినోళ్లు ఇంగ్లీషు మందు ముట్టొద్దు. ఉప్పు లేదు, కారం లేదు, గోలీ లేదు. పథ్యం చెడితే మందు తిరగబడ్తదని ముత్తక్క మరీ మరీ చెప్పింది. నేను ఇనలే. నెత్తురు పల్చగుండే గోలీ ఒక్క పూట కూడ ఆపొద్దని ఆపరేషన్ నాడు డాక్టర్ సారు నాతోని ఒట్టేపిచ్చుకున్నడు. భయమైంది మేడం. గోలీ నూరి జావల కలిపి తాపిన. ఆయనకు తెల్వదు. మూడు దినాలు తాపిన. పథ్యం చెడింది. మనిషి పోయిండు.”

 వచ్చే దారంతా వనజ అనుకున్నది వేరు. పథ్యం పేరుతో గోలీలు మానేసి ఉంటాడు, లోహం చుట్టూ నెత్తురు గడ్డకట్టి ఉంటుంది, ఎవరూ కావాలని చేసింది కాదని తేల్చొచ్చు అనుకుంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఫోన్లో చెప్పింది కూడా అదే, కవాటం రెక్కల మీద గడ్డ; రిపోర్టు ఇంకా స్టేషన్‌కు చేరలేదు. కాని గోలీలు మానలేదంటే ఆ గడ్డ ఎందుకు కట్టింది?

 ఆమె లేచి గదంతా కలియజూసింది. గోడకు చిన్న అద్దం. దాని కింద మేకుకు గడ్డం గీసుకునే సామాను సంచి, ఒక పాత తువ్వాల. తువ్వాల తీసి వెలుతురులో పట్టుకుంది. ఎన్నిసార్లు ఉతికినా పోని గోధుమరంగు మరకలు.

“ఇవేంది?”

“నెత్తురు మరకలు. గడ్డం గీసుకునేటప్పుడు జర బ్లేడు తగిల్తే సాలు, ఎంతసేపటికీ ఆగకపోయేది. అందుకే ఆ తువ్వాల యాడికీ తీయకపోయేది.”

“కొత్త మరక ఒక్కటి లేదేంది? గీసుకోవడం మానేసిండా?”

“లేదు మేడం, గీసుకునేటోడే. రొండు నెలల సంది తెగినా ఎంటనే ఆగుతుండె. నయమైతుందనుకున్నం.” సరళ ముఖం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. “నవ్వుకుంట చూపిచ్చిండు నాకు. సూడవే, మంచి మనుషుల నెత్తురైంది అన్నడు.”

వనజ తువ్వాలను మెల్లగా మడిచింది. ఆమె భర్త కూడా అలాంటి కవాటంతోనే పదకొండేళ్లు బతికాడు. తెగిన చోట నెత్తురు ఆగకపోతే ఇంట్లో అందరూ కంగారుపడేవాళ్లు. తొందరగా ఆగితే డాక్టరు కంగారుపడేవాడు.

“కళ్లు ఎప్పుడు పచ్చబడ్డాయి?”

“మూడు వారాలైతది. ఒంటికి పోతే డికాషన్ లెక్క ఉండేది. ఆయాసం గూడ అప్పుడే షురువైంది.”

“పసరు తాగకముందే?”

“అవ్. కళ్లు పచ్చగున్నయనే కద పసరుకు పోయింది.”

“రాత్రిపూట పక్కన పడుకుంటే గుండెలో ఆ లోహం చప్పుడు వినిపించేదా?”

సరళ తల వంచుకుంది. “ఇనపడేది. చేతి గడియారం లెక్క. మొదట్ల నిద్ర పట్టకపోయేది, తర్వాత అది ఇంటేనే పట్టేది. ఆఖరి వారం మొద్దుబారింది. గోడ అవతలి నుంచి ఇన్నట్టు. ఇప్పుడేమో ఇల్లంత చెవిటిదైనట్టుంది మేడం.”

వనజ చెయ్యి చాచింది. “గోలీలు చూపించు.”

సరళ తెచ్చిన కుంకుమ డబ్బాలో కాగితం పొట్లం ఉంది. అందులో విడి గోలీలు. రేకు లేదు, పేరు లేదు.

“పట్టీ ఏది?”

“మొదట పట్టీలే వచ్చేటియి. రొండు నెలల సంది హరిలాల్ బావ ఇప్పేసి పొట్లం కట్టి ఇస్తుండు. మీకు సదువు రాదు, మోతాదు తప్పుతరు, నేనే ఏర్పరిచి తెస్త అన్నడు. వీరన్నకు పెదనాయిన కొడుకైతడు. హైదరాబాద్ తోలుకపోయి ఆపరేషన్ చేపిచ్చింది గూడ ఆయనే. గిట్ల గుండె కోపిచ్చుకున్నోళ్లు చుట్టుపక్కల ఎంతమంది ఉంటే అందరికీ ఖమ్మం నుంచి ఆయనే తెస్తడు.”

“నెలనెలా నెత్తురు పరీక్ష చేయించాలె కదా?”

“ఇగ అవసరం లేదన్నరట. బావనే చెప్పిండు.”

తలుపు దబదబా మోగింది. వనజ ఉలిక్కిపడి పొట్లాన్ని గుప్పిట్లో దాచింది.

“తలుపు తీయండి. మేడం లోపలున్నారని తెలుసు, కారు చూశాను.”

సి.ఐ. బాలకృష్ణ లోపలికి వచ్చి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మధిర వైపు మనిషి. కొత్తలో వనజ పనిచేసిన స్టేషన్లోనే ఎస్సైగా ఉండేవాడు.

“రిటైరై నాలుగేళ్లయినా స్టేషన్ వాసన వదల్లేదా మేడం? నా సాక్షిని నాకు తెలీకుండా విచారిస్తున్నారు.”

“మీరు విచారించి ఉంటే నాకు పని మిగిలేది కాదు.”

“విచారించడానికేముంది? పసరు తాగాడు, పోయాడు. ఇంకెవరెవరికి పోశావని ముసలిదాన్ని అడిగితే నోరు తెరవదు. ఎన్నిసార్లు అడిగినా అంతే. తప్పు లేనివాళ్లు అట్లా ఉంటారా?”

“పసరు తాగకముందే అతను సగం పోయిండు.”

“ఎట్లా?”

“మీ నాన్నగారికి పొలం ఉంది కదా. బావి మోటారు పైపు చివర ఫుట్‌వాల్వ్ ఎందుకు పెడతారు?”

“నీళ్లు వెనక్కి జారకుండా. ఇప్పుడు వ్యవసాయం పాఠమా?”

“దాంట్లో నాచు ఇరుక్కుంటే?”

“మోటారు తిరుగుతుంది గాని నీళ్లెక్కవు.”

“గుండె కూడా అట్లాంటి మోటారే.” వనజ తన పిడికిలి బిగించి చూపింది. “ఇంతే ఉంటది. లోపల నాలుగు గదులు. ఒళ్లంతా తిరిగి అలిసిన నెత్తురు కుడివైపు గదుల్లోకి వచ్చి ఊపిరితిత్తులకు పోతది. అక్కడ గాలి పట్టుకుని ఎడమవైపు పై గదికి వస్తది. అక్కడి నుంచి కింది గదికి దిగాలి. ఆ కింది గది గోడలే అన్నిటికంటే మందం. తల నుంచి కాలిగోరు దాకా నెత్తురును తోసేది అదే. ఈ పై గదికీ కింది గదికీ నడుమ ఉన్న తలుపు వీరన్నకు చిన్నప్పటి కీళ్ల జ్వరంతో చెడిపోయింది. దాన్ని తీసేసి లోహపుది పెట్టారు. రెండు చిన్న రెక్కలు. నెత్తురు దిగేటప్పుడు తెరుచుకుంటయి, కింది గది పిండుకోగానే టక్కున మూసుకుంటయి.”

“మూసుకోకపోతే?”

“నెత్తురు వెనక్కి కొడతది. పూర్తిగా తెరుచుకోకపోతే పై గదిలోనే ఆగి ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతది. మనిషి పడుకోలేడు. కూర్చుని గాలి కోసం కొట్టుకుంటడు.”

“గట్లనే కూసున్నడు,” అంది సరళ చిన్నగా. “కిటికీ ఊసలు పట్టుకున్నడు.”

బాలకృష్ణ ఆ కిటికీ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. వనజ గొంతు తగ్గించింది.

“లోహం తగిలిన చోట నెత్తురు గడ్డకట్టాలని చూస్తది. ఆ గోలీ దాన్ని ఆపుతది. రెండు నెలల నుంచి ఇతనికి బ్లేడు తెగితే నెత్తురు వెంటనే ఆగింది. అంటే గోలీ పనిచేయట్లేదు. రెక్కల మీద గడ్డ మొదలైంది. సందు ఇరుకైతే నెత్తురు ఒరుసుకుంటూ పోవాలె. ఎర్రకణాలు పగిలిపోతయి. ఆ పగిలిన రంగే కళ్లకెక్కింది, మూత్రంలో దిగింది. చూసినోళ్లు కామెర్లనుకున్నరు. పసరు తాగింది ఆ తర్వాత.”

“గోలీలు సరిగ్గా వేసుకుని ఉండడు.”

“ఏసుకున్నడు సార్!” సరళ లేచి నిలబడింది.  “అయిదేండ్లల్ల ఒక్కనాడు తప్పలే. పథ్యం రోజులల్ల గూడ నేను జావల కలిపి తాపిన. నన్ను పట్టుకపోతే పట్టుకపోండ్రి, గాని ఆయన తప్పిండని అనొద్దు.”

వనజ గుప్పిట తెరిచింది. “ఈ గోలీలు నిజమైనవి కావేమో అని నా అనుమానం. చూపుతో చెప్పలేను, పరీక్షకు పంపాలి. తెచ్చింది హరిలాల్.”

“హరిలాల్?” బాలకృష్ణ నవ్వాడు. “ఫిర్యాదు ఇచ్చిందే అతను. పాపం పొద్దున్నుంచీ మా స్టేషన్లోనే కూర్చుని ఉన్నాడు. మీ అనుమానం ఇప్పుడే తీరుస్తాను, ఉండండి.” అంటూ ఫోన్ తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

“వద్దు,” అంది వనజ. అప్పటికే అవతల ఎత్తారు.

“హరిలాల్, వీరన్న గోలీలు ఏ షాపులో తెచ్చావు? ఇక్కడ అడుగుతున్నారు.”

 స్టేషన్ ముందు లారీ పోతున్న చప్పుడు వినిపించింది.

“ఖమ్మంల సార్. ఎప్పటి షాపే. రసీదు ఇంటికాడ ఉంది. పోయి తేవాల్నా?”

“తీసుకురా.”

ఫోన్ పెట్టేసి బాలకృష్ణ గెలిచినట్టు చూశాడు. వనజ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. ఎడమ కాలి చెప్పు ఎంతకీ పట్టలేదు.

“అతన్ని మీ కళ్లముందు నుంచి పంపేశారు బాలకృష్ణ గారూ. ఏం అడుగుతున్నామో కూడా చెప్పి మరీ పంపేశారు.”

“రసీదు తెస్తాడు మేడం.”

“అతను ఇంకా చాలామందికి గోలీలు ఇస్తున్నడు. వాళ్లలో ఇంకెవరి కళ్లు పచ్చబడ్డాయో ఒక్క ముత్తక్కకే తెలుసు. పదండి.”

ఇద్దరూ జీపెక్కి గోదావరి వంతెన దారిలో స్టేషన్‌కు బయల్దేరారు. వంతెన మీద వనజ రెండుసార్లు గడియారం చూసుకుంది. మూడోసారి చూడబోతే బాలకృష్ణే చెప్పాడు. “పన్నెండు కావస్తోంది.” అతని గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

స్టేషన్ వరండాలో ముత్తక్క గోడకానుకుని కూర్చుంది. సన్నటి మనిషి, మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుంది. పక్కన జంపక్క అన్నం పొట్లం విప్పి పట్టుకుని ఉంది. ముసలామె ముట్టలేదు.

వనజ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. “అమ్మా, నేను మీ జంపక్క పిలిస్తే వచ్చిన. వీరన్న నీ మందుతో పోలేదు. అది నాకు తెలిసింది, ఈ సారుకు కూడా తెలుస్తోంది.”

ముత్తక్క కళ్లెత్తి చూసింది. “మరి ఎందుకు పోయిండు?”

“గుండెలో తలుపు బిగుసుకుంది. కళ్లు పచ్చబడ్డది దానివల్లనే. కామెర్లు కావు.”

“కామెర్లు కావా?” ముసలామె ముందుకు వంగింది. “గోరు చూసిన, నాలిక చూసిన. పచ్చగనే ఉండె.”

“నీ తప్పు కాదు. ఎవరైనా అట్లనే అనుకుంటరు. ఒక్కటి చెప్పు. వీరన్నకు రొమ్ము మీద నిలువునా కుట్ల గీత ఉంది. అట్లాంటి గీత ఉన్నోళ్లు నీ దగ్గరికి ఇంకెవరన్నా వచ్చిండ్రా?”

ముత్తక్క కళ్లు మూసుకుంది. నోరు బిగించింది.

“చూశారా? ఇదే వరస,” అన్నాడు బాలకృష్ణ.

జంపక్క అన్నం పొట్లం కింద పెట్టింది. “చెప్పదు సారూ. మా ఇంట్ల కట్టడి అది. పసరు తాగినోళ్ల పేరు పథ్యం తీరేదాక నోట రావద్దు. పేరు బయట పడితే మందు ఇరుగుతది, రోగం తిరగబడ్తది. మా నాయినమ్మ కాలం నుంచి అంతే. నన్ను గూడ గుడిసె బయటనే నిలబెడ్తది.”

 రాత్రంతా బాలకృష్ణ నేరం అనుకున్న మౌనం ఇది.

వనజ ఇంకా దగ్గరికి జరిగింది. “పథ్యం తీరని మనిషి ఇంకొకరు ఉన్నారన్నమాట. అందుకే చెప్తలేవు. అవునా?”

 ముసలామె చేతివేళ్లు చీర అంచును నలుపుతున్నాయి.

“అమ్మా, మా ఇంటాయనకు కూడా రొమ్ము మీద ఆ గీతే ఉండేది. పోయే ముందు రెండు రోజులు ఆయాసపడ్డడు. గ్యాస్ అనుకుని నేను సోడా తాగించిన. అటు దవాఖానా ఉంది, ఇటు మనిషి ఉన్నడు, నడుమ నేను కూర్చుని సోడా కలిపిన. తెలియక. నీకు ఇప్పుడు తెలుసు. మందు విరిగితే మళ్లీ పోయొచ్చు. మనిషి విరిగితే?”

“పేరు చెప్పినంక ఆ మనిషికి ఏమన్నయితే?” అడిగింది ముత్తక్క. “ఆ పాపం ఎవల మీద ఉంటది? నీ మీద ఏసుకుంటవా?”

వనజ ముసలామె చెయ్యి పట్టుకుంది. “వేసుకుంట,” అంది.

 ముసలామె చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

“వీరన్న కంటే ముందొకాయన వచ్చిండు. చెర్వు కట్ట తండా. పథ్యం తీరకముందే పోయిండని తర్వాత ఇన్న. పెద్ద వయసు గద, పోయిండేమో అనుకున్న. బుధారం నాడు ఒక పిల్ల వచ్చింది. పూలి. సంకల పాలు తాగే బిడ్డ. గీత ఉన్నది, కండ్లు పచ్చగున్నయి, మెట్టెక్కితే రొప్పుతుంది. పసరు పోసిన. రేపటికి పథ్యం తీర్తది.”

“ముగ్గురు,” అన్నాడు బాలకృష్ణ. “ఎవరు తీసుకొచ్చారు వాళ్లను?”

“ముగ్గుర్ని ఒక్కడే తోలుకొచ్చిండు. దవాఖానకు పోతే కోస్తరు, నీ చేతి మందే మంచిదని ముందల నిలబడి పోపిచ్చిండు. పొద్దటి సంది ఆ బల్ల మీదనే కూసున్నడు. నన్ను చూసి తల దించుకున్నడు. ఎందుకో సమజ్ కాలే నాకు.”

ముగ్గురూ గేటు పక్క బల్ల వైపు తిరిగారు. ఖాళీగా ఉంది.

వనజకు అంతా అర్థమైంది. డబ్బుకు ఆశపడి హరిలాల్ తెస్తున్న గోలీలు నకిలీవని మొదట అతనికే తెలుసు. దవాఖానాకు పోతే నెత్తురు పరీక్ష చేస్తారు, ఒక్క పూటలో బయటపడుతుంది. కళ్లు పచ్చబడ్డవాళ్లను అడవికి తోలుకొస్తే చచ్చినా పసరు మీదికే పోతుంది. వీరన్న చావు మీద ఫిర్యాదు ఇచ్చింది కూడా అందుకే. ముత్తక్క నోరు తెరవదని అతనికి బాగా తెలుసు.

బాలకృష్ణ ఫోన్ చెవికి పెట్టుకుని వరండా చివరికి వెళ్లాడు. ముత్తక్క చెప్పిన పూలి వాళ్ల ఊళ్లో ఆశా కార్యకర్త ప్రమీల నంబరు కానిస్టేబుల్ వెతికి ఇచ్చాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది.

“పూలి ఇంటికి పో. ఇప్పుడే. హరిలాల్ అనే మనిషి వస్తే లోపలికి రానీయొద్దు, ఆ అమ్మాయిని కదలనీయొద్దు, అంబులెన్సు వస్తుంది... ఏంటి?” అతను ఆగాడు. ఫోన్ చెవి నుంచి తీసి స్పీకరు నొక్కాడు. 

ప్రమీల గొంతు గాలిలో తెగుతూ వచ్చింది. “ఇప్పుడే పోయిండ్రు సార్. ఖమ్మం పెద్ద డాక్టర్‌కు చూపిస్తనని హరిలాల్ బండి మీద ఎక్కిచ్చుకున్నడు. ఆమెకు ఆయాసం, నడువలేకపోతుండె. నేను గూడ మంచిదే అనుకున్న.”

“ఎటు పోయారు? భద్రాచలం వైపేనా?”

“లేదు సార్, అదే నాకు గూడ అనుమానమైంది. బండి చర్ల రోడ్డు ఎక్కింది.”

ఖమ్మం పోవాలంటే భద్రాచలం మీదుగా కిందికి రావాలి. చర్ల రోడ్డు పైకి, అడవిలోకి పోతుంది.

వనజ ఫోన్ దగ్గరికి వంగింది. “ప్రమీలా, బిడ్డ? పాలు తాగే బిడ్డ ఉంది కదా, దాన్ని కూడా తీసుకుపోయిందా?”

“లేదు మేడం. నా చేతులనే ఉంది. పూలి ఎత్తుకోబోతే ఆయన వద్దన్నడు. పిల్లతోని పనేంది, పొద్దుమీకేసరికి తోలుకొస్త, ఇడిచిపెట్టి రమ్మన్నడు.”

ఫోన్లో పసిపిల్ల ఏడుపు గట్టిగా వినిపించింది. గోడ దగ్గర ముత్తక్క లేచి నిలబడి, అందరినీ వదిలేసి వనజ ఒక్కదాని ముఖంలోకే చూస్తోంది.